పదేళ్లకే పెద్దరికం

బుడమేరు మూడోసారి బెజవాడ వీధుల్లోకి వచ్చిన ఏడాది, బడిలో పదేళ్లు నిండిన పిల్లలందరికీ తలకి తీగల టోపీలు పెట్టడం మొదలుపెట్టారు. భయం, ఏడుపు, మొండితనం మెదడు అడుగున పుడతాయట. వాటిమీద అదుపు పాతికేళ్ల వయసుకు గానీ రాదట. టోపీ పెడితే నెలలో వస్తుందన్నారు. ఇంటిపెద్ద సంతకం అడిగారు. నేను చదివింది మూడో తరగతే అయినా సంతకం వచ్చు. పెద్ద మనవరాలు నీలవేణి కాగితం మీద పెట్టాను.

ఆ కార్తీకంలో మా ఆవిడ పోయింది. రోజూ నాయనమ్మ పక్కలో పడుకునే నీలవేణికి కంట తడి లేదు.

"తాతయ్యా, పొద్దెక్కుతోంది. నాయనమ్మను ఇంకా ఎవరికోసం ఉంచారు?" అంది.

వచ్చినవాళ్లు "ఎంత పెద్దరికమో!" అని మెచ్చుకున్నారు. చిన్న మనవరాలు సుగుణ మాత్రం పాడె పట్టుకుని వదల్లేదు. కోడలు ఝాన్సీ దాన్ని లాగలేక సిగ్గుపడిపోయింది.

"నలుగురిలో పరువు తీస్తోంది. దీనికీ మొన్ననే పదేళ్లు నిండాయి మామయ్యా, ఆ కాగితం మీద సంతకం పెట్టేయండి."

"చూద్దాంలే."

"చూసేదేముంది? వాళ్లక్కను చూడండి, ఎంత నిమ్మళంగా ఉందో!"

చూశాను. నీలవేణి అందరికీ మంచినీళ్లు అందిస్తోంది.

మర్నాడు పొద్దున్నే, మైల అని కూడా చూడకుండా బడికి వెళ్లాను. సుగుణ కాగితం సంతకం లేకుండానే టీచరమ్మ చేతిలో పెట్టాను. పెద్దదానికి పెట్టిన సంతకం కొట్టేసి, దాన్ని మునుపటిలా చేస్తారా అని అడిగాను.

"అలా కుదరదు తాతగారూ," అందామె.

అయినా మధ్యాహ్నం గంట కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను.