రెండో పక్క

"బాగుండే రొమ్మును ఎందుకు కోసినారయ్యా?" డాక్టరు గదిలోకి వస్తూనే అరిచాడు చంద్రమౌళి శెట్టి. "పోయినేడు ఎడమ పక్క తీసినారు. గడ్డ ఉండె, ఒప్పుకొంటి. కుడి పక్క ఏమొచ్చెనని?"

పత్తి కొనడానికి కౌతాళం పల్లెలకు పోయి, ఐదు రోజులకు ఆ పొద్దే ఆదోనికి తిరిగి వచ్చాడు శెట్టి. ఇంట్లో భార్య లేదు. ఆసుపత్రిలో ఉందని పక్కింటివాళ్లు చెబితే బట్టలైనా మార్చుకోకుండా వచ్చేశాడు. చొక్కా నిండా పత్తి నూగు.

డాక్టరు యేసేపు కుర్చీ చూపించాడు. శెట్టి కూర్చోలేదు.

"గడ్డేమీ లేదు శెట్టిగారూ. ఒక పక్క రాచపుండు వచ్చినోళ్లకు కొందరికి రెండో పక్కా వస్తుంది. రాకముందే తీసేయమని ఆమే అడిగింది."

"ఏ ఆడదన్నా అడుగుతుందా ఆ మాట? మీరు కోత నేర్చుకునేదానికి మా ఇంటిదే దొరికిందా?"

"మూడుసార్లు తిప్పి పంపినాను. 'వస్తుందని చెప్పలేను, తీసేస్తే బతుకుతావని రాసివ్వనూ లేను' అన్నాను. వినలేదు." డాక్టరు సొరుగులోంచి ఒప్పుకోలు కాగితం తీసి ముందు పెట్టాడు.

శెట్టి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. సంతకం భార్య అలివేలుమంగదే. గీత ఎక్కడా చెదరలేదు.

"మొగున్ని నేనుండాను గదా. నన్నెందుకు అడగలేదు?"

"మీ సంగతి అడిగినాను. రెండో పక్క కూడా వస్తుందని మీకే గట్టి అనుమానమని చెప్పింది. మీరు ఒప్పుకున్నారనే అనుకున్నాను."

శెట్టి కాగితం బల్ల మీద పడేసి ఆడవాళ్ల గదికి నడిచాడు.

అలివేలుమంగ వెల్లకిలా పడుకుని ఉంది. మెడ కింది నుంచి పొట్ట దాకా కట్టు. అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచింది.

"ఎవరు నేర్పినారు నీకు? మీ అన్ననా?"

"ఎవరూ నేర్పలేదు."

"నాకు అనుమానమని డాక్టరుకు చెప్పినావంట. నీతో ఎప్పుడన్నా ఆ మాట అన్నానా?"

"నాతో అనలేదు."

"మరి ఇంకెవరితో అన్నాను?" శెట్టి మంచం మీదికి వంగాడు.

ఆమె గొంతు నెమ్మదిగానే ఉంది.

"ఎమ్మిగనూరులో పిల్లను చూసొచ్చినారు గదా. 'ఒక పక్క పోయింది, రెండో పక్కా వస్తుంది, ఇంగ రెండేండ్లు ఓర్సుకోండి' అన్నారంట వాళ్ల నాయనతో. పాపం, ఆ పిల్లకు వేరే సంబంధం చూసుకోమనండి."