ఆదర్శ వాన గుంత

కొత్త వాతావరణ ప్రణాళిక వచ్చాక, వాననీళ్లు ఇంకే గుంత లేకపోతే కొత్త ఇంటికి కరెంటు రాదన్నారు. తిరుత్తణి దగ్గర చీరలు నేసే ధనభాగ్యం తన కొత్తింటి పెరట్లో గుంత తవ్వించి, నియమం ప్రకారమే కంకరతో, ఇసుకతో నింపించింది.

చూడవచ్చిన ఇంజనీరు ఎండకు జడిసి పెరట్లోకి దిగలేదు. పెరటి గడపలోంచే ఫోటో తీయడానికి ఫోను ఎత్తాడు.

"గుంత యాడమ్మా? ఉత్త ఇసకే కనబడతా ఉండాది. ఫోటోలో లోతు తెలియాల. లేకుంటే రిజెక్టే."

"నింపమని మీ రూల్లోనే ఉండాది గదా సార్!"

"నాకే రూల్ సెప్తావా?"

లోపల ఉక్కకు మనవరాలు ఏడుస్తోంది. ధనభాగ్యం అతన్ని ఎగాదిగా చూసి, ఇంట్లోకి పిలిచి, కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంతను చూపించింది.

"ఇది సాలునా సార్?"

"శరి, దీన్ని ముందే ఎందుకు సూపియ్యలేదు?" అని ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చింది. నెల తర్వాత, పక్కనే ఇల్లు కట్టుకుంటున్న సత్యప్రియ ఆఫీసులో ఇచ్చిన కాగితం పట్టుకొచ్చింది. 'ఆదర్శ వాన గుంత' అంటూ ఆ ఫోటోనే అచ్చువేశారు. అందరూ అలాగే తవ్వాలట.

"అక్కా, ఇది నీ మగ్గం గుంత గదా! ఇంట్లోకి వాన యాడనించి వస్తాది?"

"గవర్నమెంటోళ్లు కట్టిచ్చే ఇండ్లల్లో వాన లోపలే గదా కురిసేది," అంది ధనభాగ్యం.