గన్నేరు గీసిన మూల

పేటవాళ్ళు కోరిందే గీసి, తానే నాటేసే, మాటలొచ్చిన పటం ఊరూరా వచ్చేసింది. మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ జాగాలోనూ అడిగినట్టే వేపచెట్లు, అరుగులు గీసింది. గేటు మూల మాత్రం వీరవేణి ఎన్నిసార్లు గోంగూర మడి అడిగినా గన్నేరు మొక్కలే గీస్తోంది.

పేట మీటింగులో ఆవిడ పటాన్ని నిలదీసింది.

"అందరి మాటా వింటావు, నా మాటంటే లెక్కలేదేం? ఆ మూల ఎవడికి రాసిచ్చేశావు?"

"ఎవరికీ లేదండీ. అక్కడి మట్టిలో బ్యాటరీల సీసం విషం దిగిందండి. పశువు కూడా మూతిపెట్టని మొక్కే ఉండాలండి," అంది పటం.

వీరవేణి గిరుక్కున వెనక్కి తిరిగింది. పదేళ్ళుగా ఆ మూలనే కోసుకొస్తున్న గోంగూరతో ఆవిడ నూరి తెచ్చిన పచ్చడిని, మీటింగు భోజనాల్లో పేటంతా మారు వడ్డించుకుంటోంది.