మీసం లేని వీరుడు

“ఈ టీకి పదికి ఎన్ని మార్కులు వేస్తావురా?” మాటల్లో మాటగా అడిగాడు డిజైనర్. అరలు, పావులతో సహా లెక్క చెబితే దొరికిపోతాడని ఆశ.

పాత స్నేహితుడు కప్పు కింద పెట్టాడు. వీడియో గేముల్లో తప్పులు వెతికే టెస్టర్ అతను. పదేళ్ల తర్వాత ఈ ఇంట్లో అడుగుపెట్టాడు. “బాగుంటే బాగుందంటాను, లేకపోతే లేదంటాను. మార్కులు వేయడం నాకు రాదు.”

డిజైనర్ నమ్మలేదు. నమ్మకపోవడం అతనికి పదేళ్ల అలవాటు.

మూడు భాగాలుగా పేరు తెచ్చుకున్న కత్తియుద్ధాల గేమును అప్పట్లో అతను మళ్లీ మొదటినుంచి కొత్తగా తీశాడు. మీసాల వీరుణ్ణి పక్కనపెట్టి, నూనూగు మీసమైనా రాని కుర్రాడి చేతికి కత్తి ఇచ్చాడు. సగంమంది నెత్తిన పెట్టుకున్నారు, సగంమంది దుమ్మెత్తిపోశారు. ఆ గొడవను రాజేసింది విడుదలకు ముందురోజే ఇంటర్నెట్‌లో వచ్చిన ఒక సమీక్ష. రాసినవారి పేరు లేదు. నలభై ఒక్క తప్పులు, వరుస నంబర్లతో. కింద మార్కులు, పదికి రెండుంబావు. కంపెనీ హడలిపోయి ఆ కుర్రాడి కథకు రెండో భాగం ఆపేసింది.

“వంతెన మీద వీరుడికి నీడ పడదు. సమీక్షలో పదిహేడో తప్పు. అది పట్టుకున్నది నువ్వే కదా?”

“పట్టుకుని నీకే చెప్పాను. నువ్వేం చేశావు?”

“ఇంటికొచ్చి భోజనం మానేసి నిన్ను తిట్టుకున్నాను.”

“తిట్టుకున్నది నిజమే అన్నయ్యా,” అంది బల్లకు అటువైపు బడిపిల్లల పరీక్ష పేపర్ల కట్ట ముందేసుకుని కూర్చున్న భార్య. “అప్పట్లో ఇంటికొచ్చిందే వారానికోసారి. ఆ కాస్తా మీ ఖాతాలోకే పోయింది.”

టెస్టర్ నవ్వాడు. డిజైనర్ నవ్వలేదు.

“మరి విడుదలకు ముందే గేము డిస్కు బయటికెలా పోయింది?”

“ఆఫీసు గేటు దగ్గర నా జేబులు వెతికిగానీ వదిలేవాళ్లు కాదురా.”

నిజమే. డిస్కు ఇంటికి తెచ్చుకునే వీలు డిజైనర్ ఒక్కడికే ఉండేది. తెచ్చాడు కూడా. రిమోట్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదంటూ భార్య దాన్ని అలమారాలో పెట్టేసింది.

అతను కంపెనీ ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు. “ఇప్పుడు అందరూ ఆ కుర్రాడే గొప్పంటున్నారు. రెండో భాగం తీయమన్నారు. నాలుగేళ్ల పని, ఇల్లూ వాకిలీ మర్చిపోవాలి. నా పక్కన నువ్వుండాలి. అందుకే అడుగుతున్నా. రాసింది నువ్వేనా?”

“కాదు.” టెస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఆ తప్పుల్లో సగం నాకే దొరకలేదు. అంత ఓపిగ్గా ఆడారంటే, ఎవరోగానీ, వాళ్లకి సాయంత్రాలన్నీ ఖాళీ అయ్యుండాలి.”

ఆ మాటతో డిజైనర్ గుండెల మీద బరువు దిగిపోయింది. స్నేహితుణ్ణి వీధి మలుపుదాకా సాగనంపి, సిగ్గుపడుతూ తిరిగొచ్చాడు.

“పాపం, వాడు కాదు,” అన్నాడు భార్యతో. “రేపే సంతకం పెట్టేస్తా. ఆ ఉత్తరం ఇలా ఇవ్వు.”

ఆమె పేపర్ల మీంచి ఉత్తరం తీసి అతనివైపు జరిపి, ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

ఉత్తరం పైమూలన రాసి ఉంది: పదికి రెండుంబావు.