దిద్దిన అంకె

జిరాక్సు తాత పోయిన రోజున టీచరుకు ముందుగా వచ్చింది చిరాకే.

ఎనిమిదింటికల్లా తెరవాల్సిన షాపుకి షట్టరు దించి ఉంది. తొమ్మిదింటికి బి సెక్షనుకు పరీక్ష. చేతిలో ఉన్నది ఒక్క ప్రతి.

క్రితం వారం ఏ సెక్షను పరీక్ష కూడా తాత వల్లే రసాభాస అయింది.

అది ఇంగ్లీషు పరీక్ష. దేశం పరాయి పాలన నుంచి ఎలా బయటపడిందో చెప్పే పేరా, మధ్యలో ఖాళీలు. ఒక్కో ఖాళీలో క్రియను తగిన కాలంలో రాయాలి.

రేవు కాల్పుల్లో పన్నెండు మంది చనిపోయారని అందులో ఉంది.

కాపీలు తీసే ముందు తాత ఆ అంకె కొట్టేసి, పైన పదకొండు అని రాశాడు. నలభై రెండు కాపీల్లోనూ అదే పడింది. పుస్తకంలో పన్నెండు కదా అని ఒక పిల్ల లేచి అడిగేదాకా టీచరు చూసుకోలేదు.

సాయంత్రం షాపుకొచ్చి నిలదీసింది.

"నా పేపర్లో మీరెందుకు వేలు పెట్టారు?"

"పోయింది పదకొండు మందేనమ్మా."

"రేవు దగ్గర రాతి మీద పన్నెండు పేర్లున్నాయి."

"రాయిదేముంది, చెక్కిందల్లా మోస్తుంది."

"నేను చెప్పేది ఇంగ్లీషు. పిల్లలు క్రియ సరిగ్గా రాస్తే చాలు నాకు."

"క్రియ సరిగ్గా ఉండి మాట అబద్ధమైతే మార్కులేస్తారా?"

"వేస్తాను."

తాత నవ్వాడు. "మీ దగ్గర చదువుకోవాల్సింది. ఎప్పుడో పాసయ్యేవాణ్ణి."

ఆమెకు నవ్వు రాలేదు. అంత గట్టిగా చెబుతున్నారు, మీరక్కడ ఉన్నారా అని అడిగింది.

"ఉన్నాను. నీళ్ళలో దూకి పారిపోయాను. ఆ ఒక్క అంకె మారితే చాలమ్మా నాకు."

పారిపోయినవాళ్ళ మాట విని పుస్తకాలు దిద్దరని ఆమె అనేసింది. తాత ప్రతి మీద తెల్లరంగు పూసి, మళ్ళీ పన్నెండు అని రాసి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ ప్రతినే వేరే షాపులో ఇచ్చి కాపీలు తీయించింది. తాత పోయాడని అక్కడే తెలిసింది.

మూడో రోజు పలకరించడానికి వెళ్ళింది. తాత కూతురు అప్పుడే మున్సిపాలిటీ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుని ఉంది.

"నాన్న పోయినట్టు కాగితం ఇవ్వరట మేడం."

"ఎందుకని?"

"ఒకసారి రాసేశారట. ఒక మనిషి చావు రెండుసార్లు రాయడం కుదరదంటున్నారు."

టీచరుకు అర్థం కాలేదు.

ఒడ్డున చొక్కా దొరికితే మనిషి పోయాడనుకున్నారని కూతురు చెప్పింది. రెండేళ్ళకు ఆయన తిరిగొచ్చేసరికే రాయి లేచింది. ఏటేటా అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళేవాడు. అమరుడివైతే నీకేం కష్టమయ్యా అని గుమస్తాలు నవ్వి పంపేసేవారు.

"చచ్చినవాళ్ళ వరసలో నిలబడే అర్హత నాకు లేదే అని చివరిదాకా అదే గోల, మేడం."

టీచరు సంచిలో బి సెక్షను పేపర్లున్నాయి. ఒక్కదాన్నీ ఇంకా దిద్దలేదు.

రాతి మీద పన్నెండో పేరు తాతదే. దాన్ని ఇప్పటికీ ఎవరూ తీసెయ్యలేదు.