ఒక్క వైరు చాలు

“మళ్ళీ ఆ ఆరు వైర్లదే పెట్టండి” అన్నాడు రత్తయ్య.

కుటుంబరావు చేతిలోని వైరును బల్ల మీద పడేశాడు. నందిగామలో టీవీల షాపు పెట్టిన ఇన్నేళ్ళలో ఇంతగా ప్రాణం తీసిన మనిషి ఇంకొకడు లేడు. చందర్లపాడు నుంచి రోజూ బస్సు దిగుతాడు. హోమ్ థియేటర్ ముందు కుర్చీ వేసుకుంటాడు. ఏదీ తేల్చకుండా సాయంత్రం బస్సెక్కేస్తాడు.

“మళ్ళీ చెప్తున్నా రత్తయ్యగారూ. ఇది డిజిటల్. ప్లేయర్ నుంచి ఆరు స్పీకర్ల సౌండూ ఒక్క వైర్లోనే పోతుంది, ఆంప్లిఫయర్‌లోకి వెళ్ళాక విడిపోతుంది. అది అనలాగ్. స్పీకరుకో వైరు, పాత పద్ధతి. ఇప్పుడందరూ డిజిటలే కొంటున్నారు.”

“ఏది బాగా వినపడుద్ది?”

“డిజిటలండీ! నిన్నా అదే చెప్పా, మొన్నా అదే చెప్పా.”

“చెప్తే ఏం తెలుసుద్దండీ, వినాలిగానీ.”

వినేదైనా సరిగ్గా వింటాడా అంటే అదీ లేదు. డిస్కు తనే తెచ్చుకుంటాడు. విజయవాడలో ఆయన వెళ్ళొచ్చిన వేణువు కచేరీయేనట అది. జనం మధ్య కూడా మైకులు పెట్టి రికార్డు చేశారు కాబట్టి, వెనక స్పీకర్లలో హాలంతా వినిపిస్తుంది. రత్తయ్య మాత్రం కీర్తన మొత్తం దాటించమంటాడు. చివర్లో చప్పట్లు మొదలవగానే కళ్ళు మూసుకుంటాడు. అవి ఆగగానే, “మళ్ళీ” అంటాడు.

“పాట వదిలేసి చప్పట్లు వింటారేమిటండీ? చప్పట్లకి డిజిటలైతే ఏంటి, అనలాగైతే ఏంటి?”

“జగ్గయ్యపేట షాపాయన కూడా ఇట్టాగే కోప్పడ్డాడు. ఇంక రావద్దన్నాడు.”

అదృష్టవంతుడు, అనుకున్నాడు కుటుంబరావు.

“పోనీ మీ ఆవిడగారిని తీసుకురండి. ఆడవాళ్ళయితే ఒక్క మాటలో తేల్చేస్తారు.”

“తను రాదులెండి.”

ఇంట్లో ఈయన పోరు తప్పి హాయిగా ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది, మహాతల్లి!

ఇంతలో టీవీ చూడ్డానికి వచ్చిన ప్రమీలారాణి టీచరు ఆ చప్పట్ల మోతకి చెవులు మూసుకుని, “ఖాళీగా ఉన్నప్పుడు వస్తాలెండి” అని మెట్లు దిగిపోయింది. కుటుంబరావుకి తిక్క రేగింది. టక్కున ప్లేయర్ ఆపేశాడు.

“ఇవాళ తేల్చండి రత్తయ్యగారూ. కొంటారా, కొనరా?”

రత్తయ్య నింపాదిగా లేచి ఆంప్లిఫయర్ వెనక్కి తొంగిచూశాడు.

“ఈ ఆరింట్లో వెనక కుడిపక్క స్పీకరుది ఏది?”

“ఆ బూడిదరంగుది.”

“మిగతా అయిదూ పీకెయ్యండి. అదొక్కటీ తెచ్చి ముందున్న పెద్ద స్పీకరుకి పెట్టండి.”

“ఆరు వైపుల నుంచి వినమని సెట్టు చేస్తే, ఒక్క వైపు నుంచి వింటారా? అదీ వెనకది ముందు పెట్టి!”

“ఒక్కసారి. మీకు దణ్ణం పెడతా.”

కుటుంబరావు కసిగా వైర్లు లాగి పారేశాడు. బూడిదరంగు వైరు మార్చి డిస్కు తిప్పాడు. వేణువు వినిపించీ వినిపించకుండా పోయింది. హాల్లో ఒక మూల చప్పట్లు మాత్రం పెద్ద స్పీకర్లోంచి దగ్గరగా వచ్చాయి. రత్తయ్య కుర్చీ లాక్కుని స్పీకరుకి చెవి ఆనించాడు. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది.

“డిజిటల్‌లో ఇట్టా మార్చలేంగా?”

“ఎట్లా మారుస్తామండీ? అన్నీ ఒక్క వైర్లోనే పోతాయిగా.”

“అయితే ఇదే కట్టెయ్యండి.”

కుటుంబరావు ఉండబట్టలేక తనూ వంగి చెవి పెట్టాడు. చప్పట్ల మధ్య గాజుల గలగల. అందరూ ఆపేశాక కూడా ఆ చేతులు ఇంకాస్త మోగి ఆగాయి.

“ఎవరివో గాజుల చప్పుడు తప్ప ఏముందండీ ఇందులో?” అన్నాడు విసుగ్గా.

“మా ఆవిడ పోయాక, తన అలికిడని మిగిలింది అదొక్కటేనండి.”