మొగిలిని తిట్టే చరణం

మొగిలిని తిట్టే చరణం రాగానే, పక్కన నిలబడి చూస్తున్న ఒక ముసలామె పకపకా నవ్వింది.

చప్పట్లు తప్పాయి. బతుకమ్మల చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లు ఒక్కసారిగా ఆగారు. వెనకనుంచి వస్తున్న పూజ ముందున్నావిడ వీపుకు గుద్దుకుంది.

పాట ఎత్తుకున్నది సుధ. ఎత్తుకున్న పాట మధ్యలో ఆగితే ఆమెకు పొంగుతున్న పాలను వదిలేసి వచ్చినట్టుంటుంది.

"ఎందుకు నవ్వుతున్నవ్ అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. గా ముక్క మల్లొక్కసారి పాడు."

సుధ పాడింది.

"బావి మీద కంపేసె ఉయ్యాలో
బండ గుండె మొగిలి ఉయ్యాలో
చుక్క నీళ్లియ్యదు ఉయ్యాలో
చూపుల్ల నిప్పులే ఉయ్యాలో"

ముసలామె మళ్లీ నవ్వింది. ఈసారి కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది.

కోరుట్లలోని ఆ వాడకు చరిత్ర అంటూ ఉన్నది ఆ పాట ఒక్కటే. వాగు పొంగి గుడిసెలు పోయినవాళ్లు వచ్చి ఇక్కడ దిగారట. ఉన్నది ఒకటే బావి. ఆ బావి ఇంటి పిల్ల మొగిలి దానిమీద ముళ్లకంప వేసిందట. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని వెళ్లి కంప లాగిపారేశారట. ఆ నీళ్లతోనే వాడ నిలిచిందట.

మొగిలిని తిట్టే చరణమంటే వాడలో అందరికీ ప్రాణం. అత్తను, ఆడబిడ్డను, సమయానికి రాని గ్యాసు బండను పైకి తిట్టలేనివాళ్లంతా ఏడాది కోపాన్ని ఆ నాలుగు ముక్కల్లోనే తీర్చుకుంటారు.

రాబోయే సద్దుల బతుకమ్మకు వాడ చరిత్రను చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నారు. డిగ్రీలో చరిత్ర చదివిన పాపానికి రాసే పని సుధ మీద పడింది. తెల్లారితే ప్రెస్సుకు ఇవ్వాలి. అంతా అయింది, మొదటి పేజీ తప్ప. ఆ పేజీ పాట కట్టిన మనిషికి అంకితం.

ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు.

సుధ అడగని ముసలామె లేదు. పాట కట్టిన కాలంనాటి ఆడపిల్లలంతా పెండ్లిళ్లై తలో ఊరికి పోయారు. వాడలో ఉన్నది కోడళ్లు. కోడళ్లకు పాట వచ్చు, ఆ పిల్లలెవరో తెలియదు. సుధ అత్త చిన్నవ్వ కూడా ఆ తరువాత కోడలుగా వచ్చిందే. మగవాళ్లను అడిగితే, "పాటనా? ఏం పాట?" అన్నారు.

అందుకే ఈ పూట ఆమెకు నవ్వులు నచ్చలేదు.

"ఎవలింటికి అచ్చినవ్ అవ్వా?" పూజ అడిగింది.

"ఎవలింటికి లేదు బిడ్డా. మెట్‌పల్లికెల్లి సిరిసిల్లకు పోతున్న. బస్సు ఆగింది, పాట ఇనవడ్డది, దిగిన."

"మరి బస్సు?"

"బస్సులు మస్తుంటయ్. పాట ఏడాదికొక్కసారాయె." అని, సుధ వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది. "గా మొగిలి నిజంగ గంత చెడ్డదా?"

"కాదా మరి! తాగే నీళ్లకు కంపేసింది. నేనుంటే దాన్ని గా బావిలనే ముంచుదును."

"ముంచు బిడ్డా, ముంచు. దానికి ఈత అస్తది."

పూజ కిసుక్కున నవ్వింది. పక్కావిడ నవ్వింది. వాడ చరిత్ర తన కళ్లముందే నవ్వులపాలవుతుంటే సుధ ఓర్చుకోలేకపోయింది.

"అవ్వా, గిది మా వాడ ముచ్చట. నీకు నవ్వులాటగున్నది. జర గా అరుగు మీద కూసో, తిననీకి మలీద పట్టుకొస్త."

"గట్లనే తల్లీ." ముసలామె ఏమీ అనుకోకుండా పక్కకు నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తిట్టేది జర గట్టిగ తిట్టుర్రి. ఎనకటి కారం లేదు."

సుధకు రోషం వచ్చింది. ఆ చరణం మళ్లీ ఎత్తుకుని, వాడ పుట్టినప్పటినుంచి ఎవరూ తిట్టనంత గట్టిగా మొగిలిని తిట్టింది.

మలీద గిన్నెతో వెళ్లేసరికి అరుగు ఖాళీగా ఉంది.

బతుకమ్మలను నీళ్లలో వదిలి ఇంటికి వచ్చేసరికి, మోకాళ్ల నొప్పులతో గడప దాటని చిన్నవ్వ ఒక్కతే కూర్చుని నవ్వుకుంటున్నది.

"ఏందత్తా, గంత సంబురం?"

"ఎవలో ముసల్ది నీళ్లడిగింది సుధా. సిరిసిల్లదట. కడుపుల నొప్పి లేచేదాక నవ్విచ్చి, బస్సు పోతదని ఉరికింది."

"గామెనేనా! నా పాటంత ఖరాబు చేసింది."

"నిన్ను మెచ్చుకున్నది పో! గంత సక్కగ తిట్టినోళ్లను ఎన్నడు సూడలేదన్నది." చిన్నవ్వ కళ్లు తుడుచుకుంది. "మొగిలవ్వ అట పేరు."

సుధ చేతిలోని తాంబాళం మెల్లగా కింద పెట్టింది.

"మొగిలినా? పాటల మొగిలినా?"

"ఆఁ. గా బావి వాళ్ల నాయినదేనట. పెండ్లై సిరిసిల్లకు, ఆడికెల్లి బతుకనీకి భివండికి పోయిందట. గీ మధ్యనే వాపస్ అచ్చిన్రట."

"ఆడోళ్లకు నీళ్లియ్యక కంపేసి, ఇప్పుడు నవ్వుతదా?"

"ఏం కంప? ఏ కంప లేదు. మొదటి దినమే వాళ్ల నాయిన బావి అందరికి ఇడిసిపెట్టిండట. బిందె పట్టుకొని అచ్చినోళ్లకు అచ్చినట్టు గీ పిల్లనే చేది పోసిందట."

"మరి పాటల గన్ని తిట్లెందుకున్నయ్ అత్తా?"

"చెడ్డదొకతి లేకుంటే పాట చప్పగుంటదట. దోస్తులేమో అందరు మంచోళ్లమే ఐతమన్నరట, చెడ్డదానికి ఒక్కతి ఒప్పుకోలేదట." చిన్నవ్వ నవ్వు ఆపుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది. "గందుకే, పాట కట్టుకుంట కట్టుకుంట, గా జాగల తన పేరే పెట్టుకున్నదట."